కేంబ్రిడ్జ్‌షైర్ చర్చిలు, కాలేజీలు: ఏ టిక్కెట్టు దండగ, ఏది దండగ కాదు

లండన్ వెళ్లిన మనవాళ్లు కేంబ్రిడ్జ్‌కి ఒక పూట కేటాయిస్తారు. స్టేషన్లో దిగి కింగ్స్ కాలేజీ ముందు ఫొటో దిగుతారు. పడవ టిక్కెట్లు అమ్మే కుర్రాళ్లు పట్టుకుంటే ఓ గంట నదిలో తిరిగి, శాండ్‌విచ్ తిని తిరుగు రైలెక్కుతారు. ఖర్చేమో తక్కువ కాదు, చూసింది మాత్రం గోడలకు బయటి వైపే. కేంబ్రిడ్జ్‌షైర్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తంలో అన్నిటికన్నా గొప్ప కట్టడం కేంబ్రిడ్జ్‌లో లేదు. అక్కణ్ణుంచి రైల్లో పావుగంట ఉత్తరాన, ఈలీ అనే చిన్న ఊళ్లో ఉంది. కాబట్టి ఈ సమీక్షలో పెద్ద భాగం ఈలీకే పోతుంది.

ముందు రైలు సంగతి. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి కింగ్స్ లిన్ ఊరికి వెళ్లే రైళ్లు కేంబ్రిడ్జ్‌లోనూ ఈలీలోనూ ఆగుతాయి. వేగంగా వెళ్లేదైతే కేంబ్రిడ్జ్‌కి సుమారు 50 నిమిషాలు. లండన్‌లోనే ఉన్న లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి కూడా రైళ్లున్నాయి గానీ గంటకు పైనే పడుతుంది. రెండు ఊళ్లకూ విడివిడిగా టిక్కెట్లు కొనక్కర్లేదు. లండన్ నుంచి ఈలీకి ఆఫ్ పీక్ రిటర్న్ (రద్దీ లేని వేళల రానుపోను టిక్కెట్టు) తీసుకుంటే, మీ టిక్కెట్టు మీద ప్రత్యేకమైన ఆంక్ష లేనంత వరకు, దారిలో కేంబ్రిడ్జ్‌లో దిగి మళ్లీ ఎక్కవచ్చు. ముగ్గురు నుంచి తొమ్మిది మంది వరకు కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ అడగండి, ఆఫ్ పీక్ ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. పెద్దవాళ్లు ముగ్గురుండి కూడా దీన్ని అడగకుండా పూర్తి ఛార్జీ కట్టేవాళ్లే ఎక్కువ. కేంబ్రిడ్జ్ స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉండదు. కాలేజీల దాకా 25 నిమిషాల నడక, లేదంటే బస్సు. పెద్ద సూట్‌కేసులతో మాత్రం దిగకండి. కాలేజీల్లోకి వాటిని రానివ్వరు, దాచిపెట్టే చోటూ చూపించరు.

ఒక్క రోజే ఉంటే వరస ఇలా పెట్టుకోండి. పొద్దున తలుపులు తీయగానే కింగ్స్ చాపెల్ (కింగ్స్ కాలేజీ సొంత చర్చి), మధ్యాహ్నం ట్రినిటీ లైబ్రరీ, రెండు గంటల ప్రాంతంలో ఈలీ రైలు, సాయంత్రం ఈలీలోనే ఈవెన్‌సాంగ్ (పాటలతో సాగే సాయంత్రపు ప్రార్థన). ఈ వరసను తలకిందులు చేస్తే దెబ్బతింటారు. విద్యాసంవత్సరం నడుస్తున్న రోజుల్లో కింగ్స్ చాపెల్లో సందర్శకుల వేళ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలోనే ముగుస్తుంది, ఆ తర్వాత గాయకబృందం సాధనకు వస్తుంది. నాలుగింటికి గేటు దగ్గరికి చేరి మూసిన తలుపు చూసి వెనుదిరిగేవాళ్లు రోజూ ఉంటారు.

కింగ్స్ కాలేజీ చాపెల్

టిక్కెట్టు పెద్దవాళ్లకు 15 పౌండ్ల పైమాటే. వారాంతాల్లో ఇంకొంచెం ఎక్కువ. ధర తరచూ మారుతుంది కాబట్టి ముందే వెబ్‌సైట్‌లో చూసి, అక్కడే కొనుక్కోండి. రాతి గది ఒకటి చూడటానికి ఇంత డబ్బా అని మనసు పీకుతుంది. ఎలా చూడాలో తెలిసి వెళ్తే ఈ డబ్బు గిట్టుబాటే. తెలియకపోతే పావుగంటలో మెడ నొప్పితో బయటికొస్తారు.

ఆరో హెన్రీ రాజు 1441లో కాలేజీ పెట్టాడు, 1446లో చాపెల్‌కి శంకుస్థాపన చేశాడు. 1461లో ఆయన సింహాసనం పోయింది, పని ఆగింది. తర్వాతి రాజులు కొంచెం కొంచెంగా ముందుకు నెట్టారు. చివరికి ఏడో హెన్రీ డబ్బు పోస్తే తప్ప పూర్తి కాలేదు. ఈ చరిత్రను పుస్తకంలో చదవనక్కర్లేదు, గోడ మీదే ఉంది. బయట నిలబడి చూడండి. తెల్లటి రాయి కొంత ఎత్తు దాకా వెళ్లి, ఆ పైన కాస్త పసుపు ఛాయ ఉన్న రాయి మొదలవుతుంది. మొదటిది యార్క్‌షైర్ గని రాయి, రెండోది నార్తాంప్టన్‌షైర్‌ది. పని ఎక్కడ ఆగిందో ఆ రంగు గీతే చెబుతుంది. లోపల కూడా అంతే. తూర్పు సగం నిరాడంబరంగా ఉంటుంది, చాపెల్ సాదాగా ఉండాలన్నది ఆరో హెన్రీ కోరిక. పడమటి సగంలోకి వస్తే గోడ నిండా ట్యూడర్ గులాబీలు (ఏడో హెన్రీ వంశ చిహ్నం), కిరీటాలు, వేటకుక్కలు, డ్రాగన్లు. డబ్బిచ్చినవాడు తన ముద్ర వేసుకున్నాడు. మన దేవాలయాల్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయించినట్టే, కాకపోతే ఇక్కడ రాతిలో చెక్కించాడు.

పైకప్పు కోసమే అందరూ వస్తారు. 289 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 80 అడుగుల ఎత్తు ఉన్న హాలు మీద విసనకర్రలు విప్పినట్టు పరుచుకున్న రాతి కప్పు ఇది. ఈ రకం కప్పుల్లో ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది లేదు. జాన్ వాస్టెల్ అనే మేస్త్రీ 1512 నుంచి 1515 దాకా, మూడేళ్లలో కట్టాడు. స్తంభం లేకుండా అంత బరువు ఎలా నిలిచిందన్నది లోపల చూస్తే అర్థం కాదు, ఎందుకంటే సమాధానం బయట ఉంది. గోడకు బయటివైపు లావుపాటి ఆనుడు కట్టడాలు వరసగా నిలబడి ఉంటాయి. కప్పు గోడను బయటికి తోస్తుంటే అవి లోపలికి నొక్కి పట్టుకుంటాయి. గోడ పని అవి చేస్తున్నాయి కాబట్టే మధ్యలో గోడంతా తీసేసి అద్దం పెట్టగలిగారు. ఆ ఆనుళ్ల మధ్య ఖాళీల్లోనే పక్క గదులున్నాయి. చాపెల్ నిర్మాణం మీద చిన్న ప్రదర్శన వాటిలోనే ఉంటుంది. చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు, ముందు అదే చూడటం మంచిది.

ఇక కిటికీలు. మొత్తం 26 పెద్ద కిటికీలు. పడమటి కిటికీ ఒక్కటీ 19వ శతాబ్దంది, మిగతావన్నీ 16వ శతాబ్దం నాటి అద్దమే. ఇంగ్లండ్‌లో మతసంస్కరణల (చర్చిల్లో విగ్రహాలు, బొమ్మలు కూడదన్న ఉద్యమం) కాలంలోనూ అంతర్యుద్ధంలోనూ చర్చి అద్దాలు ఎన్ని పగిలాయో తెలిస్తే ఇవి మిగలడం ఎంత అరుదో అర్థమవుతుంది. చదవాల్సిన తీరు ఇది: వాయువ్య మూల నుంచి మొదలుపెట్టి ఉత్తరపు గోడ వెంట తూర్పుకు నడవండి. తూర్పు చివర సిలువ వేసిన ఘట్టం. అక్కణ్ణుంచి దక్షిణపు గోడ వెంట వెనక్కి రండి. చాలా కిటికీల్లో కింది వరసలో క్రీస్తు, మరియల కథ ఉంటుంది. పై వరసలో దానికి జోడీగా పాత నిబంధన ఘట్టం. నడుమ నిలువు పట్టీలో వాక్యాలు పట్టుకున్న ప్రవక్తలు, దేవదూతలు. ఈ జోడీలు తెలియకపోతే రంగులే కనిపిస్తాయి, కథ కనిపించదు. చిన్న బైనాక్యులర్ వెంట తీసుకెళ్లండి, ఎనిమిదింతలు పెద్దగా చూపించేది చాలు. ఈ కౌంటీలో చర్చి యాత్రకు కెమెరా కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

వెలుతురు గురించి ఒక మాట. చాపెల్ తూర్పు పడమరలుగా ఉంది కాబట్టి దక్షిణపు కిటికీలకు ఎండ పడేది పగలే. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. సాయంత్రం ప్రార్థనకు వెళ్తే అద్దాలన్నీ నల్లటి పలకల్లా ఉంటాయి. కొవ్వొత్తుల వెలుగులో పాట వినడం వేరే అనుభవమే గానీ, కిటికీలు చూసిన లెక్కలోకి రాదు.

హాలును రెండుగా విడగొట్టే చెక్క తెరను, దాని మీది ఆర్గాన్‌ను తప్పక ఆగి చూడండి. చెక్కడంలో హెచ్.ఆర్., ఆర్.ఎ. అనే అక్షరాలు వెతకండి. ఎనిమిదో హెన్రీ, రాణి ఆన్ బొలీన్ పేర్లవి. ఆమెను పెళ్లాడింది 1533లో, తల నరికించింది 1536లో. కాబట్టి ఆ అక్షరాలు ఆ మూడేళ్లలోనే చెక్కి ఉండాలి. తర్వాత ఎవరూ వాటిని చెరిపేయలేదు. తూర్పు చివర ఆరాధన బల్ల వెనక ఉన్నది చిత్రకారుడు రూబెన్స్ 1634లో వేసిన చిత్రం. దాన్ని పెట్టడానికి 1960లలో ఆ చివర ఎత్తుగా ఉన్న నేలను చదును చేశారు. చిత్రం గొప్పదే, కానీ ఆ చోటుకు అది అతకలేదు. తూర్పు కిటికీతో పోటీపడి రెండూ నష్టపోతాయి.

ఉచితంగా లోపలికి వెళ్లే మార్గం ఒకటుంది, ఈవెన్‌సాంగ్. విద్యాసంవత్సరంలో వారపు రోజుల్లో సాధారణంగా సాయంత్రం ఐదున్నరకు, ఆదివారం ఇంకా ముందే ఉంటుంది. టిక్కెట్టు లేదు, మతం అడగరు. ఐదు పది నిమిషాలు అటూ ఇటుగా ముప్పావుగంట. కీర్తనలు, మరియ పాట, సిమియోను పాట, బైబిల్ నుంచి రెండు భాగాలు, చివర ఒక పెద్ద గానం. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే కార్యక్రమం ఇందులో ఉండదు కాబట్టి ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడే సందర్భమే రాదు. అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. మోకరిల్లడం తప్పనిసరి కాదు. చెప్పులు విప్పనక్కర్లేదు. మగవాళ్లు టోపీ తీసేయాలి, అంతే. ఫొటోలు, వీడియోలు బొత్తిగా కుదరవు. మధ్యలో లేచి బయటికి పోవడం తప్పుగా చూస్తారు. చంటిపిల్లలుంటే తలుపు దగ్గరి వరస అడిగి కూర్చోండి. శనివారం, ఆదివారం అయితే ముప్పావుగంట ముందే క్యూలో ఉండాలి. మంగళ, బుధవారాల్లో అంత రద్దీ ఉండదు. వేసవిలో కాలేజీ బృందం సెలవులో ఉంటుంది. జూలై చివర్లోనో ఆగస్టులోనో వెళ్లి ఈ పాట వినాలనుకుంటే కుదరదు. మన తల్లిదండ్రులు ఎక్కువగా వచ్చేది ఆ నెలల్లోనే, కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

ఏ కాలేజీకైనా వర్తించే మాట ఇంకొకటి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ దాకా పరీక్షల కాలం. చాలా కాలేజీలు ఆ వారాల్లో సందర్శకులకు గేట్లు మూసేస్తాయి. తెరిచి ఉన్నవి కూడా స్నాతకోత్సవానికి, పెళ్లికి, కచేరీకి ముందుచెప్పు లేకుండా మూస్తాయి. కాలేజీ అంటే మ్యూజియం కాదు, మనుషులు కాపురముండే చోటు. బయల్దేరిన రోజు పొద్దున వెబ్‌సైట్ చూసుకోవడం ఒక్కటే మందు. లోపల పచ్చిక మీద అడుగు పెట్టకండి. అది అధ్యాపకుల హక్కు, ఎంత మర్యాదగా కేకేసినా కేక కేకే.

ట్రినిటీ, సెయింట్ జాన్స్

ట్రినిటీ కాలేజీ పెద్ద గేటు దగ్గర ఫొటోకు డబ్బక్కర్లేదు. గేటు పైన ఎనిమిదో హెన్రీ విగ్రహం చేతిలో రాజదండం ఉండాల్సిన చోట కుర్చీ కాలు ఉంటుంది, ఎప్పుడో విద్యార్థులు చేసిన అల్లరి. గేటు పక్కన పచ్చికలో ఉన్న ఆపిల్ చెట్టు న్యూటన్ ఊరి చెట్టు నుంచి అంటు కట్టి తెచ్చినది. దాని కిందే ఆపిల్ పడిందని గైడు చెబితే నమ్మకండి. ఆ ఊరు లింకన్‌షైర్‌లో ఉంది.

లోపల చూడాల్సినవి రెండు. మొదటిది రెన్ లైబ్రరీ. వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ గీసిన ప్రకారం 1695లో పూర్తయింది. ప్రవేశం ఉచితం, కానీ మధ్యాహ్నం సుమారు రెండు గంటలే తెరుస్తారు, ఒక్కసారికి కొద్దిమందినే పంపుతారు. నది వైపు నుంచి చూస్తే లోపలి నేల ఎక్కడుందో కనిపెట్టలేరు. బయట కమానుల మీద ఉన్నట్టనిపిస్తుంది, నిజానికి కమానుల మధ్యలోకి దింపాడు. అలా దింపడం వల్ల అల్మారాలు గోడకు ఎత్తుగా ఆనించి, వాటి పైన పెద్ద కిటికీలు పెట్టడానికి వీలైంది. రామానుజన్ పోయిన దరిమిలా కనిపించకుండా పోయిన కాగితాలు 1976లో గణితవేత్త జార్జ్ ఆండ్రూస్‌కు దొరికింది ఈ లైబ్రరీలోనే. అవి ఎప్పుడూ ప్రదర్శనలో ఉండవు. వాటి కోసమే వెళ్తే నిరాశ తప్పదు, రామానుజన్ 1914లో వచ్చి చేరి 1918లో ఫెలో అయిన కాలేజీ ఇదన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

రెండోది చాపెల్ ముందుగది. న్యూటన్ నిలువెత్తు పాలరాతి విగ్రహం 1755 నాటిది, రూబియాక్ చెక్కాడు. చేతిలో పట్టకం ఉంటుంది. చుట్టూ బేకన్, టెన్నిసన్ వగైరా. వాళ్లలో ఒకాయన్ని చూసి మనవాళ్లు తప్పక ఆగుతారు. మన ఊళ్లలో తిట్టుగా స్థిరపడిపోయిన ‘మెకాలే చదువు’ మెకాలే ఆయనే, తీరిగ్గా కూర్చుని ఉంటాడు.

పక్కనే సెయింట్ జాన్స్. ఇక్కడి టిక్కెట్టూ కింగ్స్‌కి దాదాపు సరిసమానం. డబ్బు లెక్క చూసుకునేవాళ్లకు ఇది మా జాబితాలో రెండో స్థానం. చాపెల్ పాతది కాదు, గిల్బర్ట్ స్కాట్ 1860లలో కట్టినది. 163 అడుగుల గోపురం బరువుగా, కాలేజీకి మించిన సైజులో ఉంటుంది. చూడదగ్గది కట్టడం కన్నా ఆవరణల వరస. ఇటుక ఆవరణ ఒకటి దాటి ఇంకొకటి, మూడోది దాటాక 1831 నాటి కప్పున్న వంతెన, అవతల కొత్త ఆవరణ. ఒకదాని తర్వాత ఒకటి మూడు వందల ఏళ్లు నడిచినట్టుంటుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1900ల మొదట్లో చదువుకున్నది ఈ కాలేజీలోనే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి ఉపకులపతి (వైస్ ఛాన్సలర్) అయి విశాఖలో ఏం కట్టాలనుకున్నారో ఆలోచిస్తూ ఈ ఆవరణల్లో నడవడం బాగుంటుంది. ఆయన పేరుతో ఫలకం కోసం మాత్రం వెతుకుతూ సమయం పాడుచేసుకోకండి. సెయింట్ జాన్స్ గాయకబృందం కింగ్స్‌కి ఏమాత్రం తీసిపోదు, క్యూ మాత్రం సగం కూడా ఉండదు. టిక్కెట్టు మానేసి ఇక్కడి ఈవెన్‌సాంగ్‌కి వెళ్తే చాపెల్ చూసినట్టూ ఉంటుంది, డబ్బూ మిగులుతుంది.

క్వీన్స్ కాలేజీ చెక్క వంతెన గురించి పడవవాళ్లు చెప్పే కథ ఒకటి ఉంది, న్యూటన్ మేకు లేకుండా కట్టాడని. న్యూటన్ 1727లో పోయాడు, వంతెన 1749లో కట్టారు. ఇప్పుడున్నది 1905లో మళ్లీ కట్టినది. సిల్వర్ స్ట్రీట్ వంతెన మీద నిలబడితే పైసా ఇవ్వకుండా కనిపిస్తుంది.

ఊరికే చూడగలిగేవి

డబ్బు పెట్టని చోట్లలో అగ్రస్థానం సెయింట్ బెనెట్స్ చర్చికి. కింగ్స్‌కి రెండు నిమిషాల దూరం, కింగ్స్‌కి వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది ఇటు తిరగరు. దీని గోపురం నార్మన్లు 1066లో ఇంగ్లండ్‌ను గెలవకముందుది, వెయ్యేళ్ల నాటిది. కేంబ్రిడ్జ్ ఊళ్లో నిలబడి ఉన్న కట్టడాల్లో ఇంతకన్నా పాతది లేదు. గోపురం మూలల్లో రాళ్లు చూడండి: ఒకటి నిలువుగా పొడుగ్గా, దాని మీద ఒకటి అడ్డంగా పొట్టిగా, మళ్లీ నిలువుగా. సాక్సన్ (నార్మన్ల కన్నా ముందటి) మేస్త్రీల గుర్తు అది. లోపల గోపురపు కమాను పక్కన రెండు జంతువుల బొమ్మలు ఉంటాయి, సింహాలంటారు. సింహాన్ని ఎన్నడూ చూడనివాడు చెక్కాడని చూడగానే తెలిసిపోతుంది.

గ్రేట్ సెయింట్ మేరీస్ లోపలికి ఉచితం, గోపురం ఎక్కడానికి టిక్కెట్టు. 123 మెట్లు, ఇరుకైన మెలికల మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దు. కింగ్స్ చాపెల్ బయటి ఆనుళ్ల వరస పైనుంచి ఎలా పనిచేస్తుందో కనిపించేది ఇక్కణ్ణుంచే, కాబట్టి కింగ్స్ చూశాక ఎక్కండి. మన గోడ గడియారాల్లో పావుగంటకోసారి మోగే బాణీ 1793లో ఈ చర్చి గడియారం కోసం కట్టినదే. తర్వాత లండన్ పార్లమెంటు గడియారానికి వెళ్లింది, అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది.

గుండ్రటి చర్చి (రౌండ్ చర్చ్) పేరు పెద్దది. సుమారు 1130 నాటిది, ఇంగ్లండ్‌లో ఇలాంటివి నాలుగే మిగిలాయి. పైన కనిపించే శంకువు ఆకారపు కప్పు మాత్రం 1840లలో బాగుచేసినప్పుడు పెట్టినది. లోపలి లావుపాటి స్తంభాలు అసలువి. టిక్కెట్టు చిన్నదే అయినా, సమయం తక్కువుంటే బయటి నుంచి చూసి పోవచ్చు. అదే సమయాన్ని జీసస్ కాలేజీకి ఇస్తే మేలు. సాధారణంగా ప్రవేశం ఉచితం. ఒకప్పుడు అది సన్యాసినుల మఠం. 1496లో ఈలీ బిషప్ దాన్ని కాలేజీగా మార్చాడు, వాళ్ల చర్చే చాపెల్ అయింది. వయసులో కాలేజీ కన్నా దాని చాపెల్ మూడు వందల ఏళ్లు పెద్దది.

ఈలీ

కేంబ్రిడ్జ్‌కి ఉత్తరాన నేల బల్లపరుపు. 17వ శతాబ్దంలో నీళ్లు తోడేసి పొలాలు చేయకముందు అదంతా చిత్తడి, మధ్యలో ఒక దీవి. ఆ దీవి మీద 673లో ఎథెల్డ్రెడా అనే రాణి మఠం పెట్టింది. ఇప్పుడున్న కెథడ్రల్ (బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి) 1083లో మొదలైంది. రాయి స్థానికంగా లేదు. పీటర్‌బరో దగ్గరి బార్నాక్ గని నుంచి పడవల మీద తెచ్చారు, మఠాలు అద్దెగా, సుంకంగా ఈల్ చేపలు కట్టిన కాలం అది. ఊరి పేరులో ఉన్నదీ ఆ చేపే. రైలు ఈలీ చేరకముందే కిటికీలోంచి చూడండి, ఎడమవైపో కుడివైపో పొలాల మీద ఓడ తేలుతున్నట్టు కెథడ్రల్ కనిపిస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని ఓడ అనే అంటారు.

స్టేషన్ నుంచి పావుగంట నడక, చివర కొంచెం ఎత్తు. మామూలు టిక్కెట్టు కింగ్స్ కన్నా తక్కువ, కింది అంతస్తు గైడు నడక సాధారణంగా దాంట్లోనే. అష్టకోణ గోపురం ఎక్కాలంటే అదనం. పడమటి గోపురం ఇంకో టిక్కెట్టు. రెండిట్లో ఒకటే అంటే అష్టకోణమే, సందేహం లేదు. 170 మెట్లు, పడమటిదానికి 288. గోపుర యాత్రలు రోజూ అన్ని వేళల్లో ఉండవు, విడతకు కొద్దిమందే. ముందే బుక్ చేసుకోండి. ఎత్తంటే భయం ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు కుదరదు. పిల్లల వయసు పరిమితి బుకింగ్ పేజీలో ఉంటుంది.

అష్టకోణం కథ ఇది. 1322 ఫిబ్రవరిలో ఓ రాత్రి కెథడ్రల్ నడిమి గోపురం కుప్పకూలింది. అంతకు ముందు ఏడాదే పక్కన మరియ చాపెల్‌కి పునాదులు తవ్వడం మొదలుపెట్టారు. చిత్తడి నేల కదిలి ఉంటుందని చాలామంది అంటారు. అలన్ అనే మఠాధికారి కూలిన నాలుగు స్తంభాల చోటే మళ్లీ లేపలేదు. ఇంకా వెడల్పుగా జరిగి గట్టి నేల వెతికి, ఎనిమిది చోట్ల ఎనిమిది స్తంభాలు లేపాడు. దాంతో మధ్యన 70 అడుగులకు పైగా ఖాళీ ఏర్పడింది. అంత వెడల్పుకు రాతి కప్పు వేయడం ఆనాటి లెక్కల్లో ప్రమాదం. రాజుగారి వడ్రంగి విలియం హర్లీని పిలిపించారు. ఆయన ఓక్ దూలాలతో కప్పు కట్టి, దాని మధ్యలో గాలిలో తేలుతున్నట్టు ఒక లాంతరు (వెలుతురు దిగే కిటికీలున్న చిన్న చెక్క గోపురం) నిలబెట్టాడు.

కింద నిలబడి చూస్తే అంతా రాయే అనిపిస్తుంది. కాదు, స్తంభాల పైన కనిపించే విసనకర్రల పక్కటెముకలన్నీ చెక్క, రంగు వేసి రాయిలా చూపించారు. పైగా ఆ పక్కటెముకలు బరువు మోయవు. మోసే దూలాలు వాటి వెనక దాక్కుని ఉంటాయి. లాంతరు ఎనిమిది మూలల్లో 63 అడుగుల పొడవు ఓక్ నిట్రాళ్లు. అంత పొడుగు, అంత లావు, వంకర లేని చెట్లు ఎనిమిది దొరకడమే అప్పట్లో పెద్ద పని. ఇంకో తమాషా, లాంతరు కింది అష్టకోణానికి సరిగ్గా అమరి ఉండదు, సగం కోణం పక్కకు తిరిగి ఉంటుంది. కింది భుజం మధ్యకు పై మూల వస్తుంది. పైకి చూసినప్పుడు నక్షత్రం కనబడటానికి కారణం అదే. మెట్లెక్కి వెళ్తే ఈ దాక్కున్న దూలాల మధ్యలోంచే నడిపిస్తారు. చివర లాంతరులో దేవదూతల బొమ్మలున్న చెక్క తలుపులు తీసి కిందికి చూపిస్తారు. నేల మీద మనుషులు చీమల్లా ఉంటారు. ఈ కౌంటీలో పెట్టే టిక్కెట్లలో దేనికి వెనకాడినా దీనికి వెనకాడకండి.

ఫోనుతో కప్పు చూసే కిటుకు: సెల్ఫీ కెమెరా పెట్టి, ఫోను బల్లపరుపుగా నడుము ఎత్తున పట్టుకుని తల వంచి నడవండి. పొడుగు హాలు కప్పు మీద 1860ల చిత్రాలు మెడ ఎత్తకుండా మొత్తం చూడొచ్చు.

మరియ చాపెల్‌కి తప్పక వెళ్లండి, ఈశాన్యాన విడిగా ఉంటుంది. 1349లో పూర్తయింది, 46 అడుగుల వెడల్పు. గోడల చుట్టూ వందల చిన్న విగ్రహాలు, ఒక్కదానికీ తల లేదు. 16వ శతాబ్దపు మతసంస్కరణల్లో సుత్తులతో కొట్టేశారు. రంగు అద్దాలూ పోయాయి. ఇప్పుడు మామూలు అద్దంలోంచి తెల్లటి వెలుతురు నిండుగా పడుతుంది. మన హంపిలో చేతులు విరిగిన విగ్రహాలు చూసి అలవాటైన కంటికి కూడా ఇది కాస్త గుచ్చుకుంటుంది. ప్రతిధ్వని సుమారు ఏడు సెకన్లు, ఎవరూ లేకపోతే చిన్నగా ఒక స్వరం పలికి వినండి. తూర్పు చివర నీలం బట్టల్లో చేతులెత్తిన మరియ విగ్రహం 2000లో పెట్టినది. ఎందుకు పెట్టారో అర్థం కాదు.

బయటికొచ్చాక పడమటి ముఖం చూడండి. గోపురానికి కుడివైపు రెక్క ఉంది, ఎడమవైపు లేదు. అది మధ్యయుగంలోనే కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. రంగు అద్దాల మ్యూజియం కెథడ్రల్ లోపలే, పై అంతస్తు నడవాలో ఉంది. కింగ్స్ కిటికీలు దూరం నుంచి చూసినవాళ్లకు ఇక్కడ అద్దం ముక్కలను కంటి ఎత్తులో, సీసం పట్టీలతో సహా చూసే వీలుంది. అందుకే కింగ్స్ తర్వాతే ఇది.

పీటర్‌బరో, పల్లెలు

రెండో రోజు దొరికితే ఈలీ నుంచి అరగంట పైన రైలు ప్రయాణంలో పీటర్‌బరో. కెథడ్రల్ పడమటి ముఖంలో మూడు పెద్ద కమానులు, లోపల 13వ శతాబ్దపు చెక్క కప్పు మీద అసలు చిత్రాలు. తూర్పు చివర చేర్చిన కొత్త భాగంలో విసనకర్రల కప్పు ఉంది. అది కింగ్స్ కప్పు వేసిన వాస్టెల్ పనే అంటారు, అంతకు కొన్నేళ్ల ముందుది. రెండూ చూసినవాడికి చెయ్యి తిరిగిన క్రమం తెలుస్తుంది. ఎనిమిదో హెన్రీ వదిలేసిన కేథరిన్ రాణి సమాధి ఇక్కడే, దాని మీద జనం దానిమ్మ పళ్లు పెడతారు. ఆమె చిహ్నం అది.

మార్చ్ అనే ఊరి సెయింట్ వెండ్రెడా చర్చిలో చెక్క కప్పు నిండా రెక్కలు విప్పిన దేవదూతలు, నూటికి పైనే. బైనాక్యులర్ మళ్లీ పనికొస్తుంది. ఇక్ల్‌టన్ అనే పల్లె చర్చిలో 1979లో నిప్పంటుకుంది. మసి తుడుస్తుంటే సున్నం కింద 12వ శతాబ్దపు గోడ చిత్రాలు బయటపడ్డాయి. పల్లె చర్చిలు పగలు సాధారణంగా తెరిచే ఉంటాయి. తాళం ఉంటే వాకిట్లో కాగితం మీద తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసి ఉంటుంది, వెళ్లి అడిగితే ఇస్తారు. ఆదివారం పొద్దున ప్రార్థన ఉంటుంది, ఆ పూట పల్లె బస్సులూ దాదాపు ఉండవు. శనివారం వెళ్లండి. తలుపు పక్కన విరాళాల పెట్టె ఉంటుంది. చాలాచోట్ల కార్డు తాకించే యంత్రమూ పెట్టారు, పల్లెల్లో అది ఎప్పుడూ పనిచేస్తుందనుకోకండి. జేబులో ఐదు పౌండ్ల నోట్లు రెండు ఉంచుకోండి.